నవాహో పల్లెల్లో సీనియర్ దంపతుల మిషన్ సేవ: 6 నెలలకైతే వద్దు, 18 నెలలకైతే వెళ్ళండి

రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ కలిసి సొంత ఖర్చుతో సంఘ సేవకు వెళ్ళే ఏర్పాటు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో ఎప్పటినుంచో ఉంది. బయటి జనానికి మోర్మన్ సంఘం అంటే తెలుస్తుంది. ఈ సేవలో ఆఫీసు పని, ఆలయం పని, సహాయ కార్యక్రమాలు, పాత రికార్డుల భద్రత అని రకరకాలున్నాయి. ఇక్కడ రాస్తున్నది 'సభ్యులకు, నాయకులకు తోడ్పాటు' అనే ఒక్క రకం గురించి, అదీ ఒక్క ప్రాంతంలో. అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాల మీద పరుచుకున్న నవాహో నేషన్ అది, అంటే నవాహో ఆదివాసీల స్వపరిపాలన ప్రాంతం. విస్తీర్ణం 27,000 చదరపు మైళ్ళ పైమాట. అంటే తెలంగాణలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. అందులో ఉండే జనం రెండు లక్షల లోపే. ఇంటికీ ఇంటికీ మధ్య దూరం ఎంతుంటుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

ఇక్కడ దంపతుల పని కొత్తవాళ్ళకు ప్రకటించడం కాదు. పేరు పుస్తకంలో ఉండి ఆరాధనకు రానివాళ్ళను, రాలేనివాళ్ళను ఇంటికెళ్ళి కలవడం, స్థానిక బ్రాంచి (చిన్న సంఘం) అధ్యక్షుడికి చేదోడుగా ఉండడం, అంతే. మన సంఘాల్లో గృహ దర్శనం అంటామే, దాదాపు అదే. తేడా ఏమిటంటే మన కాపరిగారు నడిచి వెళ్తారు. ఇక్కడ దర్శనాలకు వెళ్ళాలంటే ముప్ఫై నలభై మైళ్ళు బండి తోలాలి.

సేవా కాలం 6, 12, 18, 23 నెలల్లో ఏదైనా ఎంచుకోవచ్చు. చాలామంది "ముందు ఆరు నెలలు చూద్దాం" అంటారు. ఈ ప్రాంతానికి అది దండగ. లెక్క చూడండి. ఒక బ్రాంచి జాబితాలో 120 ఇళ్ళు ఉన్నాయనుకుందాం. వారానికి నాలుగు రోజులు, రోజుకు మూడిళ్ళు, అంటే 12 ప్రయత్నాలు. అందులో సగం చోట్ల ఎవరూ ఉండరు, లేదా ఇల్లే దొరకదు. మిగిలేవి ఆరు. ఈ వేగంతో ఒక చుట్టు పూర్తవడానికి 20 వారాలు, అంటే దాదాపు ఐదు నెలలు. ఆరు నెలలకు వెళ్ళిన జంట ప్రతి ఇంటినీ ఒక్కసారి చూసి, పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది. మొదటి దర్శనంలో ఎవరూ మనసు విప్పరు. రెండోసారి "మళ్ళీ వచ్చారే" అన్నట్టు చూస్తారు. మూడోసారికి కుర్చీ జరుపుతారు. పనికొచ్చే మాటలు మొదలయ్యేది ఆ తర్వాతే. అందుకే 18 నెలలు. 23 అయితే ఇంకా మంచిదే గానీ, మనవల ముఖం చూడకుండా అంతకాలం ఉండగలమా అన్నది ఎవరి ఇంటి సంగతి వాళ్ళకే తెలుసు. కుటుంబంలో తప్పనిసరి అవసరం వస్తే సొంత ఖర్చుతో 7 నుంచి 10 రోజులు ఇంటికెళ్ళి రావడానికి 2011లో వచ్చిన నిబంధనలు వీలు కల్పించాయి.

ఖర్చు మాట. ఆ 2011 మార్పులతోనే ఇంటి ఖర్చు కింద దంపతులు పెట్టుకోవాల్సింది నెలకు 1,400 డాలర్లు మించకుండా పరిమితి పెట్టారు. అద్దె, కరెంటు లాంటివి దాని కిందికే వస్తాయి. తిండి, పెట్రోలు, ఫోను, ఇన్సూరెన్సు ఎలాగూ మీవే. పెట్రోలును తక్కువ అంచనా వేయకండి. రోజుకు 70 మైళ్ళ చొప్పున వారానికి నాలుగు రోజులంటే నెలకు 1,200 మైళ్ళు. గ్యాలన్‌కు 20 మైళ్ళిచ్చే బండికి 60 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్ల 50 సెంట్లు అనుకున్నా 210 డాలర్లు. సరుకులకు, ఆస్పత్రికి పట్నం వెళ్ళే ప్రయాణాలు ఇందులో కలపలేదు.

దరఖాస్తులో పెద్ద చిక్కులేం లేవు. బిషప్పు (మీ సంఘ కాపరి), ఆపైన స్టేకు (కొన్ని సంఘాల సమూహం) అధ్యక్షుడు మాట్లాడి సిఫారసు చేస్తారు, వైద్యులు ఫారాలు నింపుతారు. ఇష్టాలు రాసుకోవచ్చు గానీ, నవాహో అని రాస్తే నవాహోకే పంపుతారన్న హామీ లేదు. యూటాలోని ప్రోవో మిషనరీ శిక్షణ కేంద్రంలో సీనియర్లకు ఇచ్చే శిక్షణ సుమారు వారం. బోధన మెళకువలకు బాగుంటుంది. అయితే ఏ దేశం వెళ్ళేవాళ్ళకైనా అదే శిక్షణ కాబట్టి, మట్టి రోడ్డు మీద బండి ఎలా నడపాలో, నవాహో గడప ముందు ఎలా నిలబడాలో అక్కడ నేర్పుతారని ఆశించకండి. కింద రాసినదంతా ఆ లోటు పూడ్చడానికే.

ముందుగా సభ్యుల జాబితా. ఇక్కడ పేర్లు ఎక్కువ, ఆదివారం బల్లల మీద మనుషులు తక్కువ. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1947లో చిన్నగా మొదలై, 1954లో అధికారికమై, 2000 దాకా సాగిన ఇండియన్ స్టూడెంట్ ప్లేస్‌మెంట్ కార్యక్రమం కింద ఆదివాసీ పిల్లలు బడి నెలల్లో యూటాలోనూ మరికొన్ని చోట్లా తెల్ల సభ్యుల ఇళ్ళలో ఉండి చదువుకునేవారు. వేసవికి ఇంటికొచ్చేవారు. చేరాలంటే బాప్తిస్మం ఉండాలి. అలా చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళు ఇప్పుడు పెద్దవయసువాళ్ళయ్యారు. కొందరికి ఆ పెంపుడు ఇల్లు తీపి జ్ఞాపకం. కొందరికి తల్లి ఒడి, తల్లి భాష రెండూ దూరం చేసిన చోటు. ఆ ఇళ్ళలో వేధింపులు జరిగాయని 2016 నుంచి కొందరు కోర్టుకు కూడా వెళ్ళారు. కాబట్టి "మీరు చిన్నప్పుడు ప్లేస్‌మెంటులో వెళ్ళారా?" అని ఉత్సాహంగా అడిగేయకండి. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. సంఘాన్ని వెనకేసుకురావడానికి నోరు తెరవకండి.

జాబితాలో ఇంకో తిరకాసు అడ్రసు. చాలా ఇళ్ళకు వీధి పేరు, నంబరు ఉండవు. రికార్డులో పోస్టాఫీసు పెట్టె నంబరే ఉంటుంది. సంఘ సభ్యుల వివరాలుండే మెంబర్ టూల్స్ యాప్‌లో మ్యాపు తెరిచి నమ్ముకుంటే పది కుటుంబాలూ పోస్టాఫీసు గోడ దగ్గరే కాపురమున్నట్టు కనిపిస్తాయి. దారి అడిగితే వచ్చే జవాబు "హైవే మీద ఫలానా మైలురాయి దాటాక పశువులు దాటకుండా రోడ్డులో వేసిన ఇనుప గ్రిల్లు, అక్కణ్ణుంచి రెండో ఎడమ, నీలం నీళ్ళ ట్యాంకు" అనే తీరులో ఉంటుంది. ఇల్లు దొరకగానే గూగుల్ మ్యాపులో ఆ చోటి ప్లస్ కోడు (అడ్రసు లేని చోటికి మ్యాపు ఇచ్చే చిన్న కోడు) తీసి రాసుకోండి. ఆఫ్‌లైన్ మ్యాపు ముందురోజే దింపుకోండి, యాప్‌ను కూడా వైఫై ఉన్నచోటే సింక్ చేసుకోండి. హైవే దిగిన ఐదు నిమిషాలకు సిగ్నల్ పోతుంది.

బండి విషయంలో పీనాసితనం పనికిరాదు. నేల నుంచి కనీసం 8 అంగుళాల ఎత్తు, నాలుగు చక్రాలకూ పవరు, బండి చక్రం సైజుదే అసలు స్టెప్నీ ఉండాలి. డిక్కీలో ఇచ్చే సన్నటి తాత్కాలిక చక్రం ఈ రోడ్ల మీద నిలవదు. ఇవి కాక పార, లాగుడు పట్టీ, 12 వోల్టుల గాలి పంపు, గాలి మీటరు, జాకీ కింద వేసుకోవడానికి అడుగు చదరం చెక్క పలక. ఈ పలక లేనందువల్లే ఎక్కువమంది చిక్కుకుంటారు. ఇసుకలో జాకీ తిప్పుతుంటే బండి లేవదు, జాకీ దిగబడుతుంది. తాగునీళ్ళు మనిషికి ఒక గ్యాలన్ తక్కువ కాకుండా, చలికాలమైతే రెండు రగ్గులు.

మట్టి రోడ్లు రేకుల షెడ్డు పైకప్పులా గీతలు గీతలుగా ఉంటాయి. బండి వణికి చక్రాలు నేలను వదిలేస్తుంటాయి, స్టీరింగు మాట వినదు. టైరు గాలి 35 నుంచి 25 పీఎస్ఐకి దించితే కుదుపు తగ్గుతుంది. కానీ హైవే ఎక్కేముందు మళ్ళీ నింపాల్సిందే. తక్కువ గాలితో 65 మైళ్ళ వేగంలో పోతే టైరు వేడెక్కి చీలిపోతుంది. పంపు కొనమన్నది ఇందుకే.

వాన కురిస్తే కథ వేరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు ఉరుములతో కొట్టే వానకు అక్కడి బంకమన్ను మన నల్లరేగడిలాగే ఉబ్బి టైరు గాళ్ళన్నీ పూడ్చేస్తుంది. అప్పుడు ఫోర్‌వీల్ డ్రైవ్ ఉంటే నాలుగు చక్రాలూ కలిసి జారతాయి, అంతే తేడా. చేయాల్సింది ఒక్కటే, ఆగి ఎండే దాకా కూర్చోవడం. పారే వాగులోకి మాత్రం మోకాలి లోతే కదా అని దింపకండి. పైన ఎక్కడో ఇరవై మైళ్ళ అవతల కురిసిన నీళ్ళు ఇక్కడ ఎండ కాస్తుండగానే వచ్చి పడతాయి. చలికాలంలో ఇంకో కిటుకుంది. రాత్రి గడ్డకట్టిన బురద పొద్దున సిమెంటులా గట్టిగా ఉంటుంది. తెల్లారగానే వెళ్ళి, పది పదకొండు గంటలకు అది కరిగేలోపు తారు రోడ్డు ఎక్కేయాలి. చీకటి పడ్డాక ప్రయాణం ఏ కాలంలోనూ వద్దు. ఆవులు, గుర్రాలు రోడ్డు మీదే ఉంటాయి. నల్ల గుర్రం హెడ్‌లైట్లలో కనబడేసరికి బ్రేకుకు టైము చాలదు.

అన్నట్టు, మన పల్లేరు కాయలు అక్కడా ఉన్నాయి. అచ్చం అదే మొక్క. కారు టైరుకు పెద్ద ప్రమాదం లేదు గానీ, చెప్పుల అడుగున గుచ్చుకుని ఎదుటివాళ్ళ ఇంట్లోకి వస్తాయి. పసిపిల్లలు పాకే ఇల్లయితే అది చిన్న విషయం కాదు. గడప దగ్గర చెప్పులు తిప్పి చూసుకోండి.

గడియారం గొడవ విడిగా చెప్పాలి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా నవాహో నేషన్ గడియారం గంట ముందుకు జరుగుతుంది. అరిజోనా రాష్ట్రం జరపదు. నవాహో నేల మధ్యలో ఉన్న హోపీ తెగ కూడా జరపదు. ట్యూబా సిటీ నవాహో టైములో ఉంటే, రోడ్డవతల మోయెన్‌కోపీ హోపీ టైములో ఉంటుంది. ఫోను ఏ టవరు పట్టుకుంటే ఆ టైము చూపిస్తుంది. సంస్కారపు కూటానికి, అంటే ఆదివారం రొట్టె, నీళ్ళు పంచే ఆరాధనకు, గంట ఆలస్యంగా వెళ్ళే జంటలు దీని పుణ్యమే. ఫోనులో ఆటోమేటిక్ టైము తీసేసి, నవాహో టైముతో ఎప్పుడూ కలిసే డెన్వర్ టైము పెట్టేయండి. ఎవరికి టైము చెప్పినా "నవాహో టైమా, అరిజోనా టైమా" అని కలిపే చెప్పండి.

ఇక ఇంటి ముందు. ఈ సేవలో నెగ్గడమైనా ఓడడమైనా మొదటి ఐదు నిమిషాల్లోనే. బండి కాస్త దూరంగా ఆపి లోపలే కూర్చోండి. హారను కొట్టొద్దు. రెండు మూడు నిమిషాల్లో కర్టెన్ కదలడమో, ఎవరో బయటికి రావడమో జరుగుతుంది. అప్పుడు దిగాలి. ఎవరూ రాకపోతే ఇంట్లో మనుషులున్నట్టు తెలిసినా వెనక్కి తిరగండి. దబదబా తలుపు బాదడం మనకు చనువు, వాళ్ళకు దౌర్జన్యం. కరచాలనం మెత్తగా, చెయ్యి తాకించినట్టు ఉండాలి. కళ్ళలోకి గుచ్చి చూడడం, వేలితో చూపించడం రెండూ తప్పే. వాళ్ళు పెదవులు ముందుకు చాచి దిక్కు చూపిస్తారు. "యాటేహ్" అని పలకరిస్తే ముఖాలు విచ్చుకుంటాయి.

పేరు పెట్టి అడగడం అతి పెద్ద పొరపాటు. రికార్డుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు తీసేయకుండా ఉండిపోతాయి. సంప్రదాయం పాటించే ఇళ్ళలో చనిపోయినవాళ్ళ పేరు ఎత్తరు, చావు ఊసే ఎత్తరు. కాగితం చూసి "ఫలానా ఆయన ఉన్నారా?" అని మొదటి మాటగా అడిగితే, ఆ మనిషి పోయి ఆరేళ్ళయిన ఇంట్లో మీరు చేసిన పని ఏమిటో ఊహించుకోండి. ముందు మీ పేర్లు, ఏ సంఘం, ఎక్కడ ఉంటున్నారు అన్నది చెప్పండి. తర్వాత "ఈ ఇంట్లో ఎవరెవరుంటారు?" అని అడిగి ఊరుకోండి. కావలసిన పేరు దానంతట అదే వస్తుంది, లేదా రాదు. రాకపోతే ఎందుకు రాలేదో బ్రాంచి అధ్యక్షుణ్ణి అడిగి తెలుసుకోండి.

నవాహోలది తల్లి వైపు వంశం. పరిచయం చేసుకునేటప్పుడు తల్లి వంశం ముందు, తర్వాత తండ్రిది, ఆపైన తల్లి తండ్రిది, తండ్రి తండ్రిది, ఇలా నాలుగు చెబుతారు. సొంత వంశంలో పెళ్ళి కూడదు. గోత్రాలు తెలిసిన తెలుగువాళ్ళకు ఇది అమెరికన్లకంటే తొందరగా ఎక్కుతుంది. ఇంట్లో పెద్ద దిక్కు సాధారణంగా అమ్మమ్మే. కాబట్టి మాట మొదలుపెట్టాల్సింది సిస్టర్‌గారు (భార్య), ఎల్డర్‌గారు (భర్త) కాదు. పెద్దావిడను "షిమా" అంటే "మా అమ్మ" అన్నట్టు. మనకు ముసలమ్మను "అమ్మా" అని పిలవడం కొత్తేం కాదు కాబట్టి నోట్లో సహజంగా పలుకుతుంది. ఒంటరి స్త్రీ ఉన్న ఇంట్లోకి యువ మిషనరీ కుర్రాళ్ళు అడుగుపెట్టలేరు. దంపతులు పెట్టగలరు. ఈ సేవను మెచ్చుకోవడానికి అదొక్కటి చాలు.

మనవాళ్ళు సరిచూసుకోవాల్సిన అలవాట్లు రెండున్నాయి. మౌనాన్ని మాటలతో నింపేయడం ఒకటి. అక్కడ ప్రశ్నకూ జవాబుకూ మధ్య పది సెకన్లు గడవడం మామూలు. మనం ఆ ఖాళీలో ఇంకో రెండు ప్రశ్నలు దూర్చేస్తాం. రెండోది "పిల్లలెంతమంది, ఏం చేస్తుంటారు, పెళ్ళయిందా" అనే వరస. మనూళ్ళో అది ఆప్యాయత. అక్కడ పోలీసు విచారణ. ఇంకో మాట: "మేం ఇండియన్స్" అని పరిచయం చేసుకుంటే నవ్వులే నవ్వులు. "ఇండియా దేశం నుంచి వచ్చాం" అనండి. పెట్టినది వద్దనకండి. మటన్ ఉడికించిన పులుసు, నూనెలో వేయించిన రొట్టె వస్తాయి. మాంసం తిననివాళ్ళు ఈ ప్రాంతం కోరుకునేముందు ఆలోచించుకోవాలి. దర్శనం అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. ఫోటోలు అడక్కుండా తీయొద్దు. ఇంట్లో సంప్రదాయ వైద్య క్రతువు జరగబోతోందని తెలిస్తే దాని మీద వ్యాఖ్యానం చేయకుండా ఇంకో వారం రండి.

ఒట్టి చేతులతో వెళ్ళకూడదు, అలాగని గిఫ్టు బుట్టలూ వద్దు. కొలరాడోలోని కోర్టెజ్‌లో ఆడించే బ్లూ బర్డ్ గోధుమ పిండి గుడ్డసంచి తీసుకెళ్తే అది ఏ ఇంట్లోనూ వృథా పోదు. చలికాలానికి కట్టెలు. అన్నిటికంటే నీళ్ళు. సుమారు 30 శాతం ఇళ్ళకు కుళాయి లేదు, నీళ్ళు మోసి తెచ్చుకోవాల్సిందే. సాయం చేయాలన్న తొందరలో బండి విరగ్గొట్టుకునేది ఇక్కడే. 55 గ్యాలన్ల డ్రమ్ము నిండితే దాదాపు 460 పౌండ్లు. ఎస్‌యూవీలో ఇద్దరు మనుషులు, రెండు డ్రమ్ములు అంటే బరువు హద్దు దాటినట్టే. 275 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు నిండా పోస్తే 2,300 పౌండ్లు, మామూలు హాఫ్ టన్ను పికప్ కూడా మోయకూడదు. సగం సగం నింపుకెళ్తే ఇంకో ప్రమాదం. మలుపుల్లో నీళ్ళు ఒక పక్కకు ఊగి బండిని లాగేస్తాయి. చిన్న డ్రమ్ములు మూతదాకా నింపి, గట్టిగా కట్టి, రెండు ట్రిప్పులు వేయడమే క్షేమం.

మంచం పట్టినవాళ్ళకు ఇంటి దగ్గరే సంస్కారం ఇవ్వొచ్చు. దానికి బిషప్పో బ్రాంచి అధ్యక్షుడో ముందుగా అనుమతించాలి, ప్రతి వారం అలవాటుగా ఇచ్చేయడం కాదు. రొట్టె, నీళ్ళు, చిన్న గిన్నెలు, శుభ్రమైన తెల్ల గుడ్డ వెంట ఉండాలి. ప్రార్థన మాట పొల్లు పోకుండా చదవాలి కాబట్టి కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉంచుకోండి. గుడిసెల్లో వెలుతురు తక్కువ. రోగులను దీవించడానికి మాత్రం అలాంటి ముందస్తు అనుమతి అక్కర్లేదు, పరిశుద్ధపరచిన నూనె సీసా జేబులో ఉంటే చాలు.

ఈ సేవలోని బలహీనతల్లో మొదటిది ఆరోగ్యం. నవాహో నేల మీద ఉన్న ప్రభుత్వ ఆస్పత్రులు ప్రధానంగా ఆదివాసీలకోసం. ప్రాణం మీదికొస్తే ఎవరినైనా చూస్తారు గానీ, మీ బీపీ మందులకు, పంటి నొప్పికి నవాహో నేల బయటి పట్నాలైన గ్యాలప్, ఫార్మింగ్టన్, ఫ్లాగ్‌స్టాఫ్ పోవాలి. నవాహో ఊరైన చిన్లీ నుంచి గ్యాలప్ సుమారు 90 మైళ్ళు, ట్యూబా సిటీ నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ 80 మైళ్ళ లోపు. గుండె స్టెంటు ఉన్నవాళ్ళు, డయాలిసిస్ అవసరం పడే సూచనలున్నవాళ్ళు వేరే చోటు కోరుకోవడం మంచిది. చిన్లీ ఎత్తు సుమారు 5,500 అడుగులు. మొదటి వారం ఆయాసం వస్తే అది భక్తి లోపం కాదు. మందులు మూడు నెలలకు సరిపడా తెచ్చుకోండి.

మొత్తం మీద ఈ సేవకు నేను వేసేది ఐదుకు నాలుగు మార్కులు. తగ్గించిన ఒక్క మార్కు ఆరోగ్యానికీ కాదు, రోడ్లకూ కాదు. ఒక జంట వెళ్ళిపోయి ఇంకో జంట వచ్చేసరికి మధ్యలో నెలలు ఖాళీ పడొచ్చు. 18 నెలలు కూడబెట్టిన దారులు, మనుషులు, మెళకువలు వెళ్ళిపోయే జంట బుర్రలోనే ఉండిపోతాయి. యాప్‌లో పేరు, ఫోను నంబరు ఉంటాయి గానీ నీలం ట్యాంకు దగ్గర తిరగాలని ఉండదు. వచ్చిన కొత్త జంట మళ్ళీ మొదటి దర్శనం నుంచి మొదలుపెడుతుంది. ఆ ఇంటి ముసలావిడ మళ్ళీ తన నాలుగు వంశాలు చెప్పుకోవాలి.

దీనికి మందు ఒక నోటు పుస్తకం. ఇంటికొక పేజీ, మొదటి రోజు నుంచే. ఆన్‌లైన్‌లో అందరికీ కనబడే ఫైలుగా పెట్టొద్దు, మనుషుల ఇంటి గుట్లు అందులో ఉంటాయి. వెళ్ళేముందు బ్రాంచి అధ్యక్షుడి చేతిలో పెట్టండి. పేజీ ఎలా ఉండాలంటే:

"ప్లస్ కోడు పైన రాశాం. గ్రిల్లు దాటాక రెండో ఎడమ, మొదటిది కాదు. అది వాగులోకి పోతుంది. వాన పడిన మర్నాడు రావొద్దు. అమ్మమ్మకు ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడరు. మనవరాలు శనివారాలు ఉంటుంది. పెద్దాయన గురించి అడగకండి. నీళ్ళు మంగళవారం తెచ్చుకుంటారు, సోమవారం వెళ్తే డ్రమ్ములు ఖాళీగా దొరుకుతాయి. కుక్కలు మూడు. మొరిగేది కరవదు. మొరగనిదాన్ని చూసుకోండి."